పిన్ని కంటికి ఎనిమిది

“అక్కా, ఒకసారి ఇలా రా! కంప్యూటర్‌లో అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి.”

ముందుగదిలోంచి పిన్ని పిలిచిన పిలుపుకి తూనీగ చేతిలోని బ్రెడ్డు ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

తూనీగ అసలు పేరు వేరే. ఒక్కచోట కుదురుగా కూర్చోదని పిన్నే ఆ పేరు పెట్టింది. ఇంట్లోవాళ్ళకు అసలు పేరు మార్కులు వచ్చిన రోజునే గుర్తొస్తుంది.

అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. తూనీగ వెనకాలే వెళ్ళి తలుపు పక్కన నిలబడింది. గోడగడియారంలో పదీ ఇరవై అయింది.

సరిగ్గా పదకొండింటికి పిన్నికి ఆన్‌లైన్ పరీక్ష. నెగ్గితే లైబ్రరీలో ఉద్యోగం. కొత్త పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని. ఇంతకుముందు మూడు చోట్ల “మీకు చూపు తక్కువ కదా” అని వెనక్కి పంపేశారు. “మీకు వీలైన పద్ధతిలోనే రాయండి” అన్నది ఈ లైబ్రరీ ఒక్కటే.

పిన్నికి చూపు బాగా తక్కువ. కళ్ళజోడుతో తీరేది కాదు. అందుకే ఆమె కంప్యూటర్‌లో మాగ్నిఫయర్ అనే ప్రోగ్రామ్ ఉంది. అది తెర మీద ఉన్నవాటిని చాలా రెట్లు పెద్దవి చేస్తుంది. అప్పుడు పేజీ మొత్తం ఒకేసారి కనబడదు. మౌస్ ఎటు జరిపితే ఆ కాస్త ముక్కే కనిపిస్తుంది. అలా ముక్కలు ముక్కలుగా వేగంగా చదవడం కోసం పిన్ని రెండు వారాలుగా కష్టపడి సాధన చేస్తోంది.

“పెద్దగానే ఉన్నాయి కదే! నాకు గుమ్మంలోంచే కనిపిస్తున్నాయి” అంది అమ్మ.

“పెద్దగానే ఉన్నాయా?” పిన్ని గొంతు సన్నబడింది. “నిన్న మధ్యాహ్నం కూడా బాగానే చదివానక్కా.”

పిన్ని ముక్కు తెరకు తగిలేంతగా వంగింది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది.

“అయితే తేడా కంప్యూటర్‌లో కాదు. నా కళ్ళలోనే” అంది మెల్లగా. “డాక్టరమ్మ ముందే చెప్పింది. చూపు ఇంకా తగ్గొచ్చు, తగ్గితే వెంటనే రమ్మని.”

తూనీగకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది.

నిన్న సాయంత్రం పిన్ని స్నానానికి వెళ్ళినప్పుడు తూనీగ ఆ కంప్యూటర్ ముందు కూర్చుంది. అడక్కుండా ముట్టుకోవద్దని పిన్ని వందసార్లు చెప్పింది. నూటొకటోసారి చెప్పలేదు కదా అనుకుంది కాబోలు! రంగులు వేసే ఆట తెరిస్తే, తెర నిండా ఏనుగు చెవి ఒక్కటే కనిపించింది. విసుగొచ్చి మాగ్నిఫయర్‌లో మైనస్ గుర్తు నొక్కుతూ పోయింది. ఏనుగంతా కనిపించింది. ఆట అయ్యాక ప్లస్ గుర్తు నొక్కింది. అక్షరాలు బాగా పెద్దవి కాగానే “హమ్మయ్య, ఎప్పట్లాగే ఉంది” అనుకుని, ఏమీ ఎరగనట్టు లేచి వచ్చేసింది.

‘నేను మళ్ళీ పెద్దవి చేశాను కదా. అమ్మ కూడా పెద్దగానే ఉన్నాయంది కదా. నా తప్పు కాదేమో’ అనుకుంది తూనీగ.

“డాక్టరమ్మకి ఫోన్ చెయ్యక్కా. లైబ్రరీవాళ్ళకి కూడా చెప్పెయ్. పరీక్ష రాయట్లేదని” అంది పిన్ని.

అమ్మ ఫోన్ తీసింది.

పిన్ని తన చెయ్యి తానే ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. దగ్గరికి తెచ్చింది. దూరంగా జరిపింది. పెదవులు కదుపుతూ వేళ్ళు లెక్కపెట్టుకుంటోంది. చూపు ఎంత మిగిలిందో చూసుకుంటోంది.

తూనీగకు ఏడుపు తన్నుకొచ్చింది.

“పిన్నీ, నీ కళ్ళు బాగానే ఉన్నాయి! నేనే... నేనే మార్చాను నిన్న!”

అమ్మ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. పిన్ని తల తిప్పింది.

“ఏమన్నావ్?”

తూనీగ వెక్కుతూనే ఏనుగు సంగతంతా చెప్పేసింది. పిన్ని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. చేతులు తీసేసరికి మాత్రం కోపంగా ఉంది.

“నా చూపు పోయిందనుకున్నానే! ఇంతసేపూ అక్కడే నిలబడి చూస్తూ ఊరుకున్నావా?”

“నిన్నూ...” అంటూ అమ్మ ముందుకొచ్చింది.

“తర్వాతక్కా. టైమెంత?”

“పదీ నలభై.”

“ఇటు రా తూనీగా. మాగ్నిఫయర్‌లో ఇప్పుడు ఎన్ని రెట్లుందో చూడు.”

“ఐదు.”

“నేను ఎనిమిది పెట్టుకున్నా. ఐదు చాలని నీకెవరు చెప్పారు?”

“చూస్తే... బాగా కనిపించాయి పిన్నీ.”

“నీ కంటికి!”

ప్లస్ గుర్తు మీదికి వెళ్ళిన తూనీగ వేలు ఆగింది.

“నొక్కనా పిన్నీ?”

“నొక్కు.”

ఆరు. “ఉహూఁ, అలికేసినట్టే ఉంది.” ఏడు. “ఇంకా.” ఎనిమిది. పిన్ని వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. ఇప్పుడు తెర మీద రెండే రెండు మాటలు పట్టాయి. ఇలా పరీక్షంతా ఎలా చదువుతుందో తూనీగకు అర్థం కాలేదు.

కంగారులో పిన్ని పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారి తలుపు తెరుచుకున్నట్టు పరీక్ష పేజీ వచ్చింది. పదీ యాభై ఎనిమిది.

పరీక్ష జరిగిన గంటసేపూ తూనీగ గుమ్మం బయట కదలకుండా కూర్చుంది. అమ్మ రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని నుదురు పట్టి చూసింది.

పరీక్ష అయ్యాక పిన్ని బయటికొచ్చింది. “అన్నీ రాశాను. చివరి రెండు ప్రశ్నలూ మాత్రం హడావిడిలో రాశా.”

“సారీ పిన్నీ.”

“కోపం ఇంకా ఉంది. సాయంత్రానికి తగ్గుతుందిలే.”

నాలుగు రోజులకు లైబ్రరీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ సమయానికి తూనీగ, ఈసారి పిన్నిని అడిగే, కంప్యూటర్‌లో ఆడుకుంటోంది. ఆట మూసేసి, ఎనిమిది దాకా ప్లస్ నొక్కింది.

“ఎనిమిదే ఉంది పిన్నీ. అయినా నీ కంటికి సరిపోయిందో లేదో చూడు.”

పిన్ని కూర్చుని చూసింది. “సరిపోయింది.”

తెర మీద ‘మీరు రాసిన’ అని కనిపించింది. తర్వాత ‘పరీక్షను పరిశీలించి’. తూనీగకు ఆత్రం ఆగడం లేదు. మౌస్‌ను ఒక్క తోపు తోస్తే చివరి మాట తెలిసిపోతుంది. చెయ్యి దానిమీదికి వెళ్ళనే వెళ్ళింది. వెంటనే వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

పిన్ని తన తీరున, మెల్లగా మౌస్ జరిపింది. తెర నిండా ఒక పెద్ద మాట వచ్చి నిలబడింది. తూనీగ దాన్ని చిటికెలో చదివేసింది. పెదవులు బిగబట్టి పిన్ని ముఖం వైపే చూసింది.

“ఎంపిక... ఎంపికయ్యారు!” అని పిన్ని పైకి చదివింది.

అప్పుడు తూనీగ పెట్టిన కేకకు వంటింట్లో అమ్మ చేతిలోని గిన్నె జారి కిందపడింది.