యోగ్యహస్తం

కాకినాడ ఎత్తురేవులో చేపల వేలం మంచి ఊపు మీద ఉండగా అందరి ముంజేతి కంకణాలూ ఒక్కసారిగా మోగాయి. వేలం పాడే అబ్బులు పండుగప్ప ధరను నోట్లోనే ఆపేశాడు. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, అందరూ వెళ్ళి గోడవార పరిచిన రబ్బరు దిండ్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అరచేతులు దిండుకు ఆనించగానే ప్రాణకంకణాలు వాళ్ళ కండరాల్లోకి సన్నని విద్యుత్తు పంపాయి. చేతులు వాటంతటవే లేచి పడసాగాయి. కాసేపటికి ఆగాయి. జనం లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. అబ్బులు పండుగప్పను మళ్ళీ పైకెత్తి, ఆపిన అంకె దగ్గర్నుంచే పాట అందుకున్నాడు.

వారం వారం జరిగే ఈ సాధనకు ఎవరూ మినహాయింపు కాదు. కానీ ఆ రోజు ఒక స్త్రీ మాత్రం తడిగచ్చు మీద అలాగే నిలబడి ఉంది. ఆమె కంకణం మీద ఎర్రచుక్క వెలుగుతోంది. ఆ చేతులు స్థిరంగా లేవనీ, వాటిని పిలవకూడదనీ దానర్థం. ఆమె చూపంతా మనుషుల ముంజేతుల మీదే ఉంది.

ఆమె పేరు వీరవేణి. తీరం పొడుగునా ఉన్న చేపల బజార్లన్నీ తిరిగి ఇక్కడికి వచ్చింది. ఆమె వెతుకుతున్న మనిషి ముఖం ఆమెకు గుర్తులేదు. ఆ చేతులు మాత్రం గుర్తున్నాయి. మోచేతి దాకా చేప పొలుసులు అంటుకుని మెరుస్తున్న చేతులు. ఎడమ బొటనవేలి మీద అడ్డంగా పాత గాటు.

ఒకప్పుడు పిల్లల గుండె ఆగితే చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబారిపోయేవారు. ముందుకొచ్చినవాళ్ళు కూడా లేతపక్కటెముకలు విరుగుతాయేమోనని భయపడి పైపైన నొక్కేవారు. నొక్కిన ఛాతీని మళ్ళీ పూర్తిగా లేవనిచ్చేవారు కాదు. అలసిపోయి మధ్యలో ఆపేసేవారు. ఛాతీ మందంలో మూడోవంతు లోతుకు నొక్కాలనీ, లయ తప్పకూడదనీ, మధ్యమధ్య ఊపిరి ఊదాలనీ వైద్యులకు తెలుసు. అయితే తెలిసిన చేతులు అవసరమైన చోట ఉండేవి కావు. ప్రాణకంకణం వచ్చాక ఆ లోటు తీరింది. బిడ్డ చేతికున్న కంకణం గుండె ఆగిన సంగతి పసిగట్టి, దగ్గరున్న వాళ్ళలో అన్నిటికన్నా నిలకడైన చేతుల్ని ఎంచుకుంటుంది. వాటినే యోగ్యహస్తం అంటారు. ఆ మనిషికి ఏమీ రాకపోయినా ఫరవాలేదు. కంకణమే చేతుల్ని ఆడిస్తుంది.

తల్లిదండ్రుల చేతులు వణుకుతాయనీ, వాళ్ళు బిడ్డను వాటేసుకోవడం వల్ల నొక్కడం ఆగిపోతోందనీ పరిశీలనలో తేలింది. అందుకని రక్తసంబంధీకుల చేతుల్ని కంకణం ఆ కాసేపూ సడలిస్తుంది. దీనివల్ల ఎందరో పిల్లలు బతికి ఇళ్ళకు వెళ్ళారు. అది తప్పని ఎవరూ అనలేకపోయారు. వీరవేణి కూడా అనలేదు.

ఆమె కూతురు లోవతల్లి మడకాలనీ మెట్ల మీద పరుగెత్తుతూ పడిపోయింది. పుట్టుకతోనే గుండె లయలో ఉన్న లోపం అంతవరకూ బయటపడలేదు. వీరవేణి వంగేలోగా ఆమె చేతులు భుజాల దగ్గర్నుంచి తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. ఎవరో మనిషి మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. పొలుసులంటిన చేతులు బిడ్డ ఛాతీ మీద లేచి పడ్డాయి. ఆగిన గుండెకు విద్యుత్తు తగిలించే విద్యుద్ఘాత పెట్టె గోడకు ఉంది, అది కూడా తన పని తాను చేసింది. లోవ మాత్రం తిరిగి రాలేదు. తర్వాత ఆమెకు ఒక సందేశం వచ్చింది. మీ అమ్మాయికి అందిన సేవలో ఏ లోపమూ లేదు, నాణ్యతాంకం అత్యుత్తమం అని. ఆ మనిషి పేరు మాత్రం చెప్పలేదు. నియమం ఒప్పుకోదట.

వేలం ముగిసింది. అబ్బులు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వీరవేణి ఆ బొటనవేలిని చూసింది.

"అన్నయ్యగారూ," అంది. "మడకాలనీ మెట్ల మీద... మా అమ్మాయి."

అబ్బులు కుళాయి కట్టడం మరిచిపోయాడు. రేవంతా దద్దరిల్లే గొంతు గుసగుసలా వచ్చింది. "అమ్మా, నా తప్పేం లేదండి. కంకణం ఎలా ఆడిస్తే అలా ఆడాయండి ఈ చేతులు."

"తెలుసండి. నిలదీయడానికి రాలేదు. ఒక మాట అడుగుదామని."

"అడగండి."

"ఒళ్ళు వెచ్చగా ఉందాండి?"

అబ్బులు ఖాళీ పెట్టెను బోర్లించి ఆమెకు చూపించాడు. ఆమె కూర్చోలేదు. అతనే కూలబడ్డాడు.

"ఉందండి. పరిగెత్తిన పిల్ల కదండీ, మెడంతా చెమట. జుట్టు తడిసి చెంపకు అంటుకుపోయింది. నేను పక్కకు తీద్దామనుకున్నాను, చెయ్యి నా మాట వింటేగా."

"ఇంకా?"

"మా ఇంటిదానికి కూడా చెప్పలేదండి ఇది." అతను తల దించుకున్నాడు. "ఊపిరి ఊదమన్నప్పుడు నా నోటికి పులుపు తగిలిందండి. పచ్చిచింతకాయ. ఉప్పూకారం అద్దుకు తిన్నట్టుంది."

"దగ్గొస్తుందని నేను ముట్టుకోనివ్వనండి," అంది వీరవేణి. "ఎక్కడ సంపాదించిందో! దొంగపిల్ల!" నవ్వొచ్చింది. ఎంతోకాలానికి వచ్చిన ఆ నవ్వు గొంతులోనే విరిగి ఏడుపైంది. కూతురి గురించి ఇంక తెలుసుకోవలసిందేమీ మిగల్లేదనుకుంది ఆమె. ఇదిగో, ఒక చింతకాయ మిగిలి ఉంది. ఏ చెట్టుదో, ఎవరు కోసిచ్చారో అడగడానికి లోవ లేదు.

అబ్బులు భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చివర్లో కంకణం వదిలేసిందండి. నా చేతులు నాకొచ్చాయి. తీయబుద్ధి కాలేదు. ఆసుపత్రి వ్యానువాళ్ళే వచ్చి తీయించారు."

"ఎంతసేపుంచారు?"

"తెలీదండి." అతను ఆగి మళ్ళీ అన్నాడు. "మీరు గోడకు చేరబడి 'లోవా, లోవా' అంటున్నారు. ఎవరన్నా ఆ తల్లి చెయ్యి తెచ్చి పిల్ల మీద పెడితే బాగుండునని నా మనసులో కొట్టుకుందండి. నా చేతులు ఖాళీ లేవు. చుట్టూ అంతమంది ఉన్నారు. ఒక్కళ్ళకీ తోచలేదు."

ఆ మాట వీరవేణిని వదల్లేదు. మర్నాడు కంకణాల కేంద్రానికి వెళ్ళి అక్కడి కుర్రాణ్ణి అడిగింది. "చేతులు సడలించినప్పుడు స్పర్శ కూడా పోతుందా, బాబూ?"

"పోదండి. కదపలేరంతే. ఎందుకండీ?"

ఆమె ఇంటికి వచ్చి, ఒళ్ళో పడి ఉన్న అరచేతులకేసి చీకటిపడేదాకా చూస్తూ కూర్చుంది. అంటే ఆ రోజు కూడా ఇవి బతికే ఉన్నాయన్నమాట. ఎవరైనా తీసుకెళ్ళి బిడ్డ ఒంటి మీద పెడితే ఆ వెచ్చదనం వీటికి తెలిసేదన్నమాట.

వానాకాలం వెళ్ళిపోయాక ఒక ఉదయం, పడవ కోసం వంతెన దగ్గర నిలుచున్న జనంలో ఒక బాబు కుప్పకూలిపోయాడు. కంకణాలు మోగాయి. వరసలో ఉన్న ఒక కాలేజీ అమ్మాయి, పుస్తకాల సంచీ భుజాన ఉండగానే వచ్చి మోకరిల్లి నొక్కసాగింది. బాబు తల్లి రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడి ఉంది. నోరు తెరుచుకుని ఉంది కానీ మాట రావడం లేదు.

వీరవేణి జనాన్ని తోసుకుని వెళ్ళింది. "అస్థిర హస్తం. దూరంగా ఉండండి," అని ఆమె కంకణం హెచ్చరించింది. ఆమె వినలేదు. ఆ తల్లిని నడుం పట్టుకుని బాబు కాళ్ళ దగ్గర, నొక్కుతున్న అమ్మాయి మోచేతులకు అడ్డం రాకుండా కూర్చోబెట్టింది. చచ్చుపడిన అరచేతిని ఎత్తి బాబు పాదం మీద పెట్టి, పైన తన రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"నా చేతులు రావట్లేదు..."

"నేను పట్టుకున్నాను. తెలుస్తోందా?"

"తెలుస్తోంది," అంది ఆ తల్లి. గొంతు అప్పుడు తెరుచుకుంది. "పాదం చల్లగా ఉందండీ!"

"పిలువమ్మా. పేరు పెట్టి పిలువు."

"బుజ్జిబాబూ! నాన్నా, బుజ్జిబాబూ!"

వంతెన స్తంభానికున్న విద్యుద్ఘాత పెట్టె తప్పుకోమన్నప్పుడు వీరవేణి ఆ చేతిని ఎత్తి పట్టుకుంది. మళ్ళీ పాదం మీద పెట్టింది. అమ్మాయి నొక్కడం ఎక్కడా తడబడలేదు. వీరవేణి వేళ్ళు ఎంత వణికినా తల్లి చేతిని దాటి బిడ్డను తాకలేదు. ఆ స్పర్శ తనది కాదని ఆమెకు తెలుసు.

రెండోసారి పెట్టె తన పని చేశాక బాబు మూలిగాడు. ఛాతీ తనంతట తాను లేచింది. వ్యాను వచ్చింది. తల్లి చేతుల్లోకి మెల్లగా సత్తువ వచ్చి, వేళ్ళు ఒక్కొక్కటిగా ఆ పాదాన్ని చుట్టుకోవడం వీరవేణి తన అరచేతుల కింద గమనించింది. అప్పుడు చేతులు తీసేసి, లేచి, నీళ్ళవైపు వంతెన చివరికి నడిచింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

వెనకనుంచి, సన్నగా, నిద్ర మధ్యలో లేచిన గొంతుతో, "అమ్మా," అని వినిపించింది.

"నాన్నా!" అని ఆ తల్లి పలికింది.

"ఏం తల్లీ," అని అదే పిలుపుకు వీరవేణి కూడా, వెనక్కి తిరుగుతూ, పలికింది.