పన్నెండో ఫ్రేము

ఆ ఫోటో స్టూడియో మేడమీద వెనకవైపు ఒక గది ఉంది. దాని ఊసెత్తితే ఆ వీధిలో ఎవరైనా సరే, మాట మార్చేస్తారు.

ఎదురింటి దర్జీ అయితే కుట్టుమిషన్‌నే అటు నుంచి ఇటు తిప్పేసుకున్నాడు — ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలని. ఎందుకయ్యా అంటే, "తాళం వేసిన గదిలో తెర కాస్త జరుగుతుంది... ఆగుతుంది... మళ్ళీ కాస్త వెనక్కి వస్తుంది. ఎవరో వెలుతురు సరిచూసుకుంటున్నట్టు. అది చూస్తూ గుండీలు ఎలా కుట్టమంటారు?" అంటాడు.

స్టూడియో ఊడ్చే ఆవిడ ఒక్కసారే ఆ గదిలోకి వెళ్ళింది. బల్ల మీది సామాను ముట్టుకుని, చీపురు మెట్ల మీదే పారేసి కిందికి పరుగెత్తుకొచ్చింది. "వెచ్చగా ఉన్నాయయ్యా... ఎవరో ఇప్పుడే పట్టుకుని వదిలినట్టు!"

ఆ గది కథ ఫ్రేములు కట్టే పెద్దాయన చెప్పగా విన్నది. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఆ మాటకొస్తే, అసలు మాట్లాడే మనిషే కాదు.

స్టూడియో నడిపే ఫోటోగ్రాఫర్ పెళ్ళి ఫోటోలకి పెట్టింది పేరు. ఎంత బిగుసుకుపోయిన పెళ్ళికొడుకునైనా ఇట్టే నవ్వించేవాడు. అతని భార్య కూడా ఫోటోలు తీసేది. ఆమె ఫోటోల్లో మాత్రం మనుషులుండేవారు కాదు.

వాళ్ళకి ఒక పాప పుట్టింది. తొమ్మిది రోజులే ఉంది.

ఆ తర్వాత ఆమె వెనక గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుంది. పాప కోసం కొన్న వస్తువులు దాని మీద పెట్టి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. తొడగని మేజోళ్ళు. మూత తీయని పౌడరు డబ్బా. పాలసీసా. చిన్న చెంచా, పక్కనే స్టీలు గ్లాసు. ఆ చెంచాని వేలెడు పక్కకి జరపడానికి ఆమెకి ఒక పూట పట్టేది. మెరిసే గ్లాసులో తన రూపం పడకుండా తలమీంచి నల్లగుడ్డ కప్పుకుని, దానికి చేసిన రంధ్రంలోంచి కెమెరా పెట్టేది.

"పాప ముఖం నాకు సరిగ్గా గుర్తు రావట్లేదండీ," అంది ఒకసారి. "వీటిని ఇలా చూస్తూ ఉంటే... వస్తుందేమోనని."

"చెంచాలకి ఫోటోలేంటే! పెళ్ళివాళ్ళు వింటే నవ్విపోతారు," అన్నాడతను.

రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆమెకి ఉబ్బసం తిరగబెట్టింది. అతను పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. తెల్లారి వచ్చేసరికి ఆ బల్ల మీదే తల వాల్చి ఉంది. నల్లగుడ్డ భుజాల మీద అలాగే ఉంది.

అరగంట ముందు ఎవరైనా వచ్చి ఉంటే బతికేదన్నాడు డాక్టరు.

ఏడాది తిరక్కుండా ఆమె తీసిన వాటిలో పదకొండు ఫోటోలు ఒక పోటీకి వెళ్ళాయి. మొదటి బహుమతి వచ్చింది. కింద ఉన్న పేరు మాత్రం — అతనిది.

బిడ్డనీ భార్యనీ పోగొట్టుకున్నవాడి గుండెకోత అంటూ పత్రికల్లో రాశారు. అతను కాదనలేదు. మొదట్లో కాస్త సిగ్గేసింది. తర్వాత చప్పట్లు అలవాటైపోయాయి.

నిజం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది — మరదలు, చనిపోయినామె చెల్లెలు. ఆస్పత్రిలో నర్సు. ఏడవలేదు, అరవలేదు. డ్యూటీ నుంచి అట్నుంచటే వచ్చి స్టూడియో గుమ్మంలో నిలబడింది.

"అక్క పేరు పెట్టు బావా."

"ఎవరు తీస్తే ఏంటమ్మా? బాధ ఇద్దరిదీ కదా."

ఆమె గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. "సరే," అంది. ఆ ఒక్క మాటకి అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంతలో ఒక పెద్ద హాలువాళ్ళు ప్రదర్శన పెడతామన్నారు. పదకొండు పాతవి సరే, పన్నెండోది కొత్తది తీసి ఇవ్వాలన్నారు. పేరున్నవాడు కాదని ఎలా అంటాడు? రేపు, ఎల్లుండి అంటూ గడువు చివరి రోజుదాకా లాక్కొచ్చాడు. ఇక తప్పలేదు. స్టూడియో మూసేశాక, ఒంటరిగా మేడెక్కి తాళం తీశాడు.

ఏడాదిగా మూసి ఉన్న గది... బల్ల మీద దుమ్ము రవ్వంతైనా లేదు.

స్టీలు గ్లాసు పెట్టాడు. చెంచా పెట్టాడు. కిటికీ బయట దీపం కట్టి, తెరలోంచి వెలుతురు పడేలా చేశాడు. మేకుకి వేలాడుతున్న నల్లగుడ్డ తీసి కప్పుకున్నాడు. లోపల ఆమె సబ్బు వాసన — నిన్న మొన్నటిలా.

కెమెరాలోంచి చూస్తే కుడిపక్క బోసిగా ఉంది. పౌడరు డబ్బా తెచ్చి పెట్టి, వెనక్కి తిరిగాడు.

ఠక్!

డబ్బా కింద ఉంది. బల్ల ఏటవాలుగా ఉందేమో అనుకుని కాలి కింద కాగితం మడిచి పెట్టాడు. ఈసారి మేజోళ్ళు పెట్టాడు. అవి దొర్లవు కదా.

గుడ్డ రంధ్రంలోంచి చూశాడు. మేజోళ్ళు నేల మీద ఉన్నాయి... పక్కపక్కనే, సర్ది పెట్టినట్టు.

అయినా మొండిగా పాలసీసా పెట్టాడు. ఈసారి రెప్ప వెయ్యలేదు.

సీసా కదిలింది.

ఎవరో ఒక్క వేలితో నెడుతున్నట్టు... కొంచెం. ఇంకొంచెం. అంచుదాకా వెళ్ళి ఆగింది. అతను చూస్తున్నాడో లేదో కనుక్కుంటున్నట్టు ఆగింది. తర్వాత పడింది.

"ఏం... ఏం కావాలి నీకు?" అన్నాడు.

కిటికీ తెర కాస్త జరిగింది. వెలుతురు సరిగ్గా ఆ ఖాళీ మీద పడింది.

ఎలా నొక్కాడో, కెమెరా బటన్ నొక్కాడు. కెమెరా స్క్రీన్ మీద చూసుకుంటే గ్లాసు, చెంచా, కుడిపక్క ఉత్త బల్ల. అంతే. సీసా తీద్దామని వంగి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, నల్లగుడ్డ మెడకి చుట్టుకుపోయినా విడిపించుకోకుండా, మెట్లు దిగి వీధిలో పడ్డాడు.

ప్రదర్శన సాయంత్రం హాలు కిటకిటలాడింది. దండ వేశారు, మాట్లాడమన్నారు. అతను మాట్లాడుతున్నాడు కానీ జనం వినడం లేదు. ఫ్రేముల దగ్గర గుమిగూడి గుసగుసలాడుకుంటున్నారు.

"ఈమె ఎవరండీ?" అని అడిగారు ఒకరు.

వెళ్ళి చూశాడు. మొదటి ఫోటోలో స్టీలు గ్లాసు వంపులో ఒక ఆడమనిషి... కంటికి కెమెరా పెట్టుకుని.

రెండోదాన్లో చెంచా గుంటలో ఆమే. తలకిందులుగా. మూడోదాన్లో పాలసీసా మీద. పదకొండింటిలోనూ ఆమే, ప్రతి ఫోటోలోనూ ఇటే చూస్తూ, కెమెరా పట్టుకుని, ఇది తీసింది నేనని చెబుతున్నట్టు... మెడ మీద వేసిన దండ అతనికి ఉరిలా తోచింది.

అంతలో చెవి పక్కన మరదలి గొంతు వినిపించింది.

"భయమేసిందా బావా? ప్రతి ఫోటోనీ ముందు నల్లగుడ్డ లేకుండా ఒకసారి తీసుకునేది అక్క. అవన్నీ నాకు పంపేది. పెద్దాయన దగ్గర కూర్చుని ఫ్రేముల్లోని ఫోటోలన్నీ నేనే మార్పించాను. నీ నోటితో చెప్పవు కదా... అక్కే చెప్పుకుంటుందని."

అతనికి నవ్వొచ్చినంత పనైంది. దెయ్యం కాదు — మరదలు! పరువు పోతే పోయింది, ప్రాణం కుదుటపడింది.

"పన్నెండోది కూడా మార్చావా?"

"దాన్ని ముట్టుకోలేదు. అది నువ్వు తీసిందే." అటు చూసి ఆమె కనుబొమలు ముడేసింది. "అవునూ... ఆ బోర్లించిన ఫోన్ ఎవరిది?"

అతను తల తిప్పాడు.

గ్లాసు. చెంచా. కుడిపక్క ఖాళీలో — ఫోన్. బోర్లించి ఉంది. మూల దగ్గర చిట్లిన నల్లటి తొడుగు. అతనిదే.

ఫ్రేముల పెద్దాయన దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "ఈ చేతుల్తోనే అద్దం తుడిచి బిగించాను బాబూ. పొద్దున్న అక్కడేం లేదు."

అతను ఆ ఫ్రేము కిందే కూలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే నోరు దానంతటదే తెరుచుకుంది.

ఆమె పోయిన రాత్రి పెళ్ళి భోజనాల దగ్గర అతని ఫోన్ మోగింది. ఆమె పేరు కనిపించింది. మళ్ళీ ఏ చెంచా గొడవో అనుకుని బోర్లించాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ. పక్కన కూర్చున్నవాళ్ళు, "ఇంటి నుంచా?" అని నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాడు డాక్టరు రాకముందే తన ఫోన్‌లోంచీ ఆమె ఫోన్‌లోంచీ ఆ పిలుపులు చెరిపేశాడు. ఇది తెలిసింది లోకంలో ఇద్దరికే. అందులో ఒకరు లేరు.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. హాలువాళ్ళు దీపాలార్పేశారు.

పదకొండు ఫ్రేములూ చీకట్లో కలిసిపోయాయి.

పన్నెండోదాన్లో ఆ ఫోన్ అంచు చుట్టూ సన్నటి వెలుగు... వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది.

మరదలు అతని పక్కన వంగి, చెవిలో మెల్లగా అంది.

"ఎత్తు బావా... అక్క పిలుస్తోంది."