రెజీనా నీళ్ల సీసా

బసవరాజు కొత్త ఉద్యోగంలో చేరిన రోజే దొంగతనం చేశాడు.

కడప బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ. మే నెల. ఆఫీసులో కరెంటు లేదు. ఎదురు టేబుల్ మీద ఎవరిదో నీళ్ల సీసా కనిపిస్తే మూత తీసి, నోట కరుచుకుని గటగటా ఖాళీ చేశాడు.

"ఏమప్పా! అడిగేది లేదా?"

తలెత్తితే అకౌంటెంట్ రెజీనా. ముక్కు మీద చెమట, ఆ పైన కోపం. ఆ కోపంలోనూ బాగుందని అతనికి అనిపిస్తే అది ఆమె తప్పు కాదు.

"నీళ్లే కదా మేడమ్?"

"సీసా ఎవరిదని కూడా అడగవా?"

"దప్పికైతాంటే ఎవరిదైతే ఏమి?"

రెజీనా అతణ్ని వింతగా చూసి, ఖాళీ సీసా చేతిలో పెట్టింది. "పోయి నింపుకోని రా. ఫైన్."

ఆ ఫైన్ బసవరాజు రోజూ కట్టాడు. సీసా నింపిపెట్టడం, అందులో సగం తనే తాగడం, తిట్లు తినడం. మధ్యాహ్నం ఆమె డబ్బాలోని గోంగూర ఇటు, అతని జొన్నరొట్టె అటు. ఇదంతా ఎటు దారితీస్తుందో ఆఫీసులో అందరికీ తెలుసు, ఆ ఇద్దరికీ తప్ప.

కడపకు వాన రావడమే అపురూపం. వచ్చిన సాయంత్రం ఇద్దరూ రేకుల షెడ్డు కింద ఇరుక్కున్నారు. రేకుల చప్పుడుకు మాట వినపడక అతను మనసులో మాటను దాదాపు అరిచి చెప్పాల్సి వచ్చింది. మిషన్ దగ్గరివాళ్లు కూడా విన్నారు.

రెజీనా నవ్వింది. నవ్వు ఆపుకుని అడిగింది. "మేం మాదిగోళ్లం. చర్చికి పోతాం. తెలుసునా?"

"మెల్లగా చెప్పు!" అన్నాడు అతను చుట్టూ చూస్తూ.

"ప్రేమ అరిచి చెప్తివి. ఇది మెల్లగా చెప్పాల్నా?"

"అట్ల కాదు... నాకు అట్లాంటి పట్టింపులేం ల్యావు. మా ఇంట్లోనూ ల్యావు."

"ఇంట్లో కూడానా?" అంది రెజీనా. "అయితే చూడాల్సిందే."

ఆలూరు దగ్గర బసవరాజు ఊళ్లో జాతర వస్తే ఆఫీసువాళ్లమని ఇద్దరు అమ్మాయిలు బయలుదేరారు. రెజీనా, తోడుగా టైపిస్టు శివకుమారి. అతని తల్లి మహాదేవమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మజ్జిగ ఇచ్చింది. శానా బాగా చూసుకుంది.

తిరుగు బస్సులో బసవరాజు ఆనందం పట్టలేకపోయాడు. "మాయమ్మకు నువ్వు నచ్చినావు!"

రెజీనా బ్యాగులోంచి మడిచిన కాగితపు గ్లాసు తీసి అతని ఒళ్లో పెట్టింది. "నాకు మజ్జిగ దీంట్లో ఇచ్చినాది."

"యూజ్ అండ్ త్రో. శుభ్రంగా ఉంటాదని..."

"శివకుమారికి స్టీలు గ్లాసు. నీకూ స్టీలు గ్లాసు. మీకు శుభ్రం అక్కర్లేదా?"

బసవరాజుకు ఒళ్లు మండింది. "ప్రతిదాంట్లో కులమే కనబడతాదా నీకు?"

"నాకు కనబడకుండా పెట్టలేదప్పా మీయమ్మ."

కిటికీ పక్క సీట్లో శివకుమారి నిద్ర నటించింది.

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"మీయమ్మతో ఆ మాట నువ్వు ఎత్తు. ఈరోజు నేను చూపిస్తే చూసినావు. పెండ్లయినాక కూడా బతుకంతా నేనే చూపిస్తాండాల్నా? అట్లయితే నాకు ఈ పెండ్లి వద్దు."

అతను ఎత్తలేదు. ఇంటికి ఫోన్ చేయడం, వానల గురించి అడగడం, పెట్టేయడం. సీసా మాత్రం నింపి పెడుతూనే ఉన్నాడు. అందులోంచి తాగడానికి చెయ్యి రాలేదు.

ఒక ఆదివారం రెజీనానే పిలిచింది. "మా ఇల్లు కూడా చూడు."

బద్వేలులో చిన్న ఇల్లు. లోపల మాంసం కూర ఉడుకుతోంది. ఆమె నాన్న దాసన్న లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. "కూర్చోండి సార్." తండ్రి వయసువాడు సార్ అంటే బసవరాజుకు ఎక్కడ చూడాలో తెలియలేదు. అమ్మ కృపమణి పళ్లెంలో రెండు అరటిపండ్లు, కూల్‌డ్రింక్ సీసా తెచ్చింది.

"సీలు తీయలేదు సార్," అందామె గబగబా. "అంగట్లోంచి తెచ్చింది తెచ్చినట్టే ఉండాది. మేం ముట్టుకోలేదు."

బసవరాజు ఆ మూత వంకే చూస్తూ ఉండిపోయాడు. అతను ఒక్క మాటా అడగలేదు. ఎవరూ అడగకుండానే వీళ్లకు తెలుసు. ఎన్నేళ్లు అలా చూస్తే ఇంత తెలుస్తుందో అనుకునేసరికి సిగ్గేసింది. బస్సులో ఆ కాగితపు గ్లాసు చూసినప్పుడు రాని సిగ్గు ఇక్కడ వచ్చింది.

"అమ్మా, నన్ను సార్ అనద్దు. ఆ కూర పెట్టండి."

దాసన్న కూతురి వంక చూశాడు. కూతురు ఫ్యాను వంక చూసింది.

బస్టాండులో ఆమె అంది. "మా ఇంట్లో తిన్నానని సంబరపడద్దు. అది సులువు. కష్టమైంది ఆలూరు దగ్గర ఉండాది."

కడపలో బస్సు దిగి మరో బస్సెక్కి అతను నేరుగా తన ఊరికి పోయాడు.

కాగితపు గ్లాసు మాటా, రెజీనాతో పెండ్లి మాటా ఎత్తితే మహాదేవమ్మ మొదట ఒప్పుకోలేదు. తర్వాత అరిచింది, ఆ తర్వాత ఏడ్చింది. "మాయత్త నేర్పినాది, నేను చేస్తాండా. ఊర్లో నేను తలెత్తుకోని తిరగాల్నా వద్దా?"

"నీ ఒక్కదాని తప్పు కాదు మా. నేను పక్కనే కూర్చోని కూడా చూళ్లేదు. నా గ్లాసు నాకొచ్చింది కదా, చూసే పని నాకేముంది?"

ఆమె మొహం తిప్పుకుంది. శ్రావణమంతా ఫోన్ ఎత్తలేదు. జరిగింది జరిగినట్టు అతను రెజీనాకు చెప్పాడు. "మాట ఎత్తినావు కదా," అంది రెజీనా, అంతే. ఆ రోజు సీసా మాత్రం అతని వైపు జరిపింది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం మహాదేవమ్మ చెప్పాపెట్టకుండా ఫ్యాక్టరీకి వచ్చింది. ఎండన పడి నడిచి వచ్చి కుర్చీలో కూలబడింది. బసవరాజు ఎక్కడో లోడు ఎత్తిస్తున్నాడు. కబురు విని పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

టేబుల్ మీద సీసా ఉంది. రెజీనా దాన్ని దాచలేదు, చేతికీ ఇవ్వలేదు.

"ఇది నా సీసామ్మా. నేను తాగినదే. వద్దంటే బయట అంగట్లో సీలు సీసా దొరుకుతాది, తెప్పిస్తా. ఏది కావాలో చెప్పండి, నేనేం అనుకోను."

"అనుకుంటావులే," అంది మహాదేవమ్మ. "అనుకోకుంటే మనిషివెట్లయితావు?"

సీసా అందుకుంది. చెయ్యి వణికింది. కాసిని నీళ్లు చీరమీద ఒలికాయి. అయినా దించకుండా తాగింది.

"సప్పగుండాయి మీ కడప నీళ్లు," అంది మూతి తుడుచుకుంటూ. "మా ఇంటికి రా, మజ్జిగ ఇస్తా. స్టీలు గ్లాసులోనే. చెయ్యికి ఇంగా అలవాటు కాలేదు, ఆడ కూడా వణుకుతాదేమో. చూసి నవ్వద్దు."

రెజీనా కళ్లు నిండాయి. గుమ్మంలో నిలబడ్డవాడి వంక చూడనైనా చూడకుండా, సీసా మూత బిగించింది.

"నవ్వనులే అత్తా," అంది.