వయసు పెరగని క్రిమి

ఉదయం 6.10. ఎముకల వార్డులో పాప చనిపోయింది.

చెయ్యి విరిగి వచ్చిన పిల్ల. పోయింది మాత్రం విరేచనాలతో. మూడు రకాల యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఒక్కటీ పనిచేయలేదు. పక్క మంచం అబ్బాయికీ అదే జబ్బు. ఐసీయూలో ఉన్నాడు.

"ఇంకేం చూస్తున్నారు మేడమ్? ఆ వంటావిడని లోపలెయ్యండి!"

అరిచింది పొదుపు తాత. ముప్పై ఏళ్లుగా ఇక్కడి ల్యాబ్ టెక్నీషియన్. గుండుసూది కూడా పారెయ్యడు, అందుకే ఆ పేరు. ఐసీయూలో ఉన్నది అతని మనవడే.

వార్డు పిల్లలకు వండిపెట్టే వంటావిడ గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. ఎనిమిదింటికల్లా ఆమెను అరెస్ట్ చేయాలని పైనుంచి ఆర్డర్. లేడీ ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. 7.20.

మూడో మంచం పిల్లాడు దర్జాగా బొమ్మ కారు నడుపుతున్నాడు.

"జబ్బు మొదలవక ముందు, మంగళవారం, మీవాడు ఏం తిన్నాడమ్మా?" అని వాడి తల్లిని అడిగింది.

"అందరికీ పెట్టిందేనండీ."

"తాగింది?"

"అదీ అందరికీ ఇచ్చిన జ్యూసే. వీడికి జలుబు కదా, ఐసు మాత్రం వద్దన్నాను."

"ఐసు ఎక్కడిది?"

"ఏమోనండీ. ఆ రోజు వార్డులో ఫ్రిజ్ పాడైంది."

7.35. ల్యాబ్ డాక్టర్ పరుగున వచ్చాడు. పిల్లలిద్దరిలో దొరికిన క్రిమి జన్యువులన్నీ చదివిన రిపోర్ట్ అతని చేతిలో ఉంది.

"మూడేళ్ల క్రితం ఊరిని వణికించిన క్రిమే మేడమ్. అక్షరం తేడా లేదు."

"తేడా ఉండాలా?"

"ఉండి తీరాలి. బయట బతికితే ఏటా ఎన్నో కొన్ని మార్పులొస్తాయి. దీనికి వయసే పెరగలేదు."

"అంటే ఎక్కడో నిద్రపోయింది. ఎక్కడ?"

డాక్టర్ ల్యాబ్ వైపు చూపించాడు. "మా ఫ్రీజర్‌లో. అప్పటి క్రిమిని సీసాల్లో దాచి ఉంచాం."

ఇన్‌స్పెక్టర్ డాక్టర్‌నీ తాతనీ ల్యాబ్‌కు నడిపించింది. మూలన ఐసు మెషీన్ గుర్రుమంటోంది.

"ఇదెందుకు?"

"ఫ్రీజర్ సీసాలు బయటికి తీసినప్పుడు ఐసులో పెడతాం. పనయ్యాక ఆ ఐసును బ్లీచింగ్ పోసి పారబోస్తాం," అన్నాడు డాక్టర్.

"పారబోశారా తాతా?"

తాత మెషీన్ మూత మీద చెయ్యి వేశాడు.

"మంగళవారం ఒక సీసా మూత పగిలింది. తుడిచి పెట్టాను. ఐసు శుభ్రంగానే కనిపించిందమ్మా. దండగ ఎందుకని మళ్లీ మెషీన్‌లోనే పోశాను."

"వార్డుకు ఐసు తెచ్చిందెవరు?"

"నేనే. చల్లగా కావాలని మావాడు మారాం చేశాడు. ఆ పాపకూ వేశాను."

అంటూనే కుప్పకూలాడు. ఇన్‌స్పెక్టర్ రెక్క పట్టి లేపింది.

"ఏడవడానికి టైం లేదు. అప్పట్లో ఇది ఏ మందుకు లొంగింది?"

నిరుడు రికార్డులు కంప్యూటర్‌లో రాయడం మొదలయ్యాక, పాత రిజిస్టర్లు పారెయ్యమన్నారు. తాత పారెయ్యలేదు. బీరువా అడుగు నుంచి ఒకటి లాగి, వేలు పేజీ మీద పెట్టాడు. అతని చేతిరాతే. మందు పేరు చూడగానే డాక్టర్ ఐసీయూకు పరుగెత్తాడు.

7.52. "నువ్వింటికి వెళ్లమ్మా," అని వంటావిడతో చెప్పింది ఇన్‌స్పెక్టర్.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్. మనవడు కళ్లు తెరిచాడు. మంచినీళ్లు అడిగాడు.

స్టేషన్‌లో స్టేట్‌మెంట్ ఇస్తున్న తాత కబురు విని రెండు చేతులూ జోడించాడు.

"ఆ పాప పేరేంటమ్మా?" అన్నాడు. "ఇంకో ముక్క వెయ్యి తాతా అంది. వేశాను. పేరు అడగలేదు."