సాంచెలు ఆగిన గంట

పెళ్లయి నెల దాటింది. చొప్పదండిలోని అత్తగారింట్లో నవ్యశ్రీకి అన్నీ ముద్దొస్తున్నాయి. కొత్త గాజుల చప్పుడు, భర్త వెంకటేశ్ పెట్టిన చాయ్, కిటికీ మీద వాలిన పిచ్చుక. ఈ రోజు మాత్రం అవేవీ పట్టడం లేదు. పదకొండింటికి ల్యాప్‌టాప్‌లో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు తన పరిశోధన చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటేనే పీహెచ్‌డీ.

మామ లక్ష్మీరాజం ఇంటి వెనక షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. గల్లీలో ఇంటింటా అవే, పొద్దంతా వాటి మోతే. నేత పని ఆపి చాయ్‌కి వచ్చాడు. మీసాల నిండా నూలు దుమ్ము.

"మామా, పదకొండింటికి జర ఇటు రాకుండ్రి. నా వెనక మీరు కనబడితే... ఆ దుమ్ము..."

"సరే బిడ్డా." చాయ్ సగం వదిలేసి లేచాడు.

వెంకటేశ్ ముఖం మాడింది. "మా బాపును చూస్తే సిగ్గయితుందా నవ్యా?"

"గట్ల కాదు. వాళ్లేమనుకుంటరో అని..."

"గా దుమ్ములనే నిలబడి నన్ను సదివిచ్చిండు." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పదకొండయింది. గల్లీ అంతా నిశ్శబ్దం. కరెంటు పోయిందా అంటే, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె మొదలుపెట్టింది.

"ముసలితనంలో పెద్ద నక్షత్రం ఉబ్బి, తన వాయువును బయటికి వదులుతుంది. అది చల్లారి దుమ్మవుతుంది. ఆ దుమ్ము పుట్టే చోటు ఒక్క టెలిస్కోపుకు విడిగా కనబడదు. దూరదూరంగా ఉన్న టెలిస్కోపుల వెలుగును ఒకచోట కలిపితే వెలుగు చీకట్ల చారలు వస్తాయి. ఆ చారలను కొలిస్తే, నక్షత్రానికి ఎంత దూరంలో దుమ్ము పుడుతుందో తెలుస్తుంది."

"ఇంతకీ ఆ దుమ్ముతో ఏం పనమ్మా?" అన్నాడు పెద్ద ప్రొఫెసర్.

"మన నేల, మన ఒళ్లు అలాంటి దుమ్ములోంచే వచ్చాయి సార్. అది లేకపోతే..." ఆమె చూపు పక్కకు పోయింది. సగం చాయ్ గ్లాసు ఇంకా బల్ల మీదే ఉంది.

బయట పక్కింటి కొమురవ్వ గొంతు. "రాజన్నా, ఎవలు పోయిండ్రే? సాంచెలన్నీ బందయినయ్!"

ఆ గల్లీలో చావయితేనే సాంచెలన్నీ ఒక్కసారి ఆగుతాయి.

"ఎవలూ పోలే. మెల్లగ మాట్లాడు. మా కోడలు చుక్కల ముచ్చట చెప్తుంది. గంటసేపు ఆపుండ్రని అందర్నీ నేనే బతిమాలిన."

నవ్యశ్రీ తలెత్తలేకపోయింది. "ఒక్క నిమిషం సార్" అని బయటికి పరుగెత్తింది. కిటికీలోంచి కనబడకుండా ఆయన గోడ వారన ముడుచుకుని కూర్చున్నాడు.

"మామా, లోపలికి రాండ్రి."

"వద్దు బిడ్డా. తానం చేసొస్త."

"ఇట్లనే రావాలె. నాది తప్పయింది మామా."

ఆయనను తన కుర్చీలో కూర్చోబెట్టింది. "మా మామయ్య సార్. నా మాట మీకు వినబడాలని గల్లీలో మగ్గాలన్నీ ఆపించారు. ఈయన మీది దుమ్ము చూసి పొద్దున నేను సిగ్గుపడ్డాను." కన్నీళ్లు ఆగలేదు.

పెద్ద ప్రొఫెసర్ లేచి చేతులు జోడించాడు.

గంట నిండింది. వెనక సాంచెలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. గుమ్మంలో వెంకటేశ్, చేతిలో వేడి చాయ్.

"జర గట్టిగ చెప్పు బిడ్డా" అన్నాడు లక్ష్మీరాజం.

కిటికీ మూయకుండానే ఆమె గొంతు పెంచింది.