తొక్కి పట్టుకో

నా మెకానిక్ షెడ్డు వెనకే అక్క ఇల్లు. బావ పోయిన నాలుగు నెలలకి పోలీసులు కారు వదిలారు. తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టాను. తలుపు తీయగానే కాలువ బురద వాసన గుప్పుమంది.

"ఇది ఎందుకు ఆగలేదో నాకు తెలియాలిరా," అంది అక్క. "నువ్వే విప్పి చూడు. వేరేవాళ్ళ మాట నేను నమ్మను."

నాకు తెలుసు. విప్పక్కర్లేదు.

ప్రమాదానికి ముందురోజు బావ వచ్చి, "బ్రేకు కాస్త లోతుగా దిగుతోంది, చూడవోయ్," అన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిల్ అడుగంటింది. బ్రేకు ఆయిల్ ఊరికే ఆవిరైపోదు. అంతలా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నాలుగు చక్రాల దగ్గరా వంగి చూడాలి. నేను పైనుంచి ఆయిల్ పోసి, మూత బిగించి, "ఇక భయం లేదు, వెళ్ళిరా బావా," అన్నాను. భోజనానికి ఆలస్యమవుతోందని.

"బావ బతుకు కోరేవాడు బావమరిదని ఊరికే అన్నారా!" అని నా భుజం తట్టి వెళ్ళాడు.

మర్నాడు దిగుడు రోడ్డులో బ్రేకు పడలేదు. కారు కాలువలోకి పోయింది.

నేను పనిలోకి దిగిన రోజు మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి చీకటైంది. రేకుల మీద ఒకటే వాన. ముందు చక్రాలకి చెక్కలు అడ్డుపెట్టి, వెనక భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాను. కుడి చక్రం ఊడదీశాను. బ్రేకు ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టం పగిలి ఉంది. చుట్టూ జిడ్డు. వంగి చూసుంటే ఆ రోజే కనబడేది.

కొత్త గొట్టం వేశాను. ఎవరి కోసమో నాకే తెలీదు. ఇక లోపల చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరుండాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి.

"అక్కా! ఓసారి వచ్చి బ్రేకు తొక్కుతావా?" అని కేకేశాను.

కాసేపటికి కారు తలుపు మూసుకున్న చప్పుడు. సీటు కిర్రుమంది.

"తొక్కి పట్టుకో."

నట్టు వదులు చేశాను. బుడగలు బుడగలుగా ఆయిల్ వచ్చింది. బిగించాను. "వదులు."

నాలుగైదుసార్లు అలాగే చేశాం. తన ముఖం నాకు కనబడటం లేదు. చెప్పడానికి ఇదే అదననిపించింది.

"అక్కా... ఆయిల్ కారుతోందని నాకు ఆ రోజే అర్థమైంది. వెతకలేదు. బావని నేనే పంపించాను..."

పెడల్ దిగింది. నేను చెప్పకుండానే. మళ్ళీ... మళ్ళీ... గబగబా, ప్రాణం మీదికొచ్చిన మనిషి తొక్కినట్టు. స్టాండ్ల మీద కారు వణికింది.

"ఆపక్కా... ఆపు!"

"ఏంట్రా?"

ఆ గొంతు నా వెనకనుంచి వచ్చింది. షెడ్డు గుమ్మంలో గొడుగు ముడుస్తూ అక్క. "వాన హోరులో ఏదో కేక వినబడితే వచ్చాను. ఎవరితో మాట్లాడుతున్నావు?"

చప్పుడు ఆగిపోయింది. లేచి చూశాను. సీట్లో ఎవరూ లేరు. పెడల్ మాత్రం దిగే ఉంది.

అక్కకి అంతా చెప్పాను. ఈసారి ముఖం చూసే. తిట్టలేదు, కొట్టలేదు. "భోజనానికా?" అంది. అంతే.

తర్వాత కారులోకి వంగి, పెడల్‌ని రెండు చేతులతో పైకి లాగింది. రాలేదు. అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, "వదిలెయ్యండి... ఇంక వదిలెయ్యండి," అని గుసగుసగా బతిమాలింది. నేను ఎడమ చక్రం పట్టుకుని తిప్పబోయాను. కదల్లేదు.

మర్నాడు గొట్టాలన్నీ విప్పేశాను. చుక్క మిగలకుండా ఆయిల్ తీసేశాను. ఇక చక్రాన్ని పట్టి ఉంచడానికి లోపల ఏమీ లేదు.

అయినా ఆ చక్రం ఇప్పటికీ వెంట్రుకవాసి కదలదు.