గోవిందు పెట్టించిన టిక్కు

“నీ పార్ట్‌నర్ విజయ్‌ను చంపిన విదేశీ ముఠా చేతికి డ్యామ్ పాస్‌వర్డ్ చిక్కింది,” ఫోన్‌లో అన్నాడు చీఫ్ కృష్ణయ్య. “పన్నెండింటికి షిఫ్ట్ మారగానే ఫోన్ లైన్ మీద లాగిన్ అవుతారు. పాస్‌వర్డ్ మార్చేసి మనవాళ్ళను బయట ఉంచి, గేట్లన్నీ ఎత్తేస్తారు. దిగువన బీచుపల్లిలో పుష్కర జనం. ఆపు.”

“ఎస్ సర్,” అన్నాడు ఏజెంట్ అరవింద్.

ఆ జనంలోనే విజయ్ తల్లి జానకమ్మ ఉంది. కొడుక్కి పిండం పెట్టడానికి వచ్చింది. గుండె దడదడలాడాల్సిన సంగతి. అరవింద్‌కు ఏమీ కాలేదు. పార్ట్‌నర్ పోయినప్పటి నుంచి లోపలంతా మొద్దుబారింది.

ఖాకీ చొక్కాలో బ్యాటరీ మెకానిక్‌లా వనపర్తి కంట్రోల్ రూమ్‌లోకి నడిచాడు. సిస్టమ్స్ ఇంజనీర్ మాలతి ఎదురొచ్చింది. చిలకపచ్చ గద్వాల చీర, ఆఫీసంతా పడిచచ్చే నవ్వు. పైకి ఇంజనీరే గాని నిజానికి అరవింద్ డిపార్ట్‌మెంట్ మనిషే.

“బీచుపల్లిల నీళ్ళు సల్లగున్నయా?” అన్నాడు.

“కాళ్ళు తడిస్తే తెలుస్తది.”

కోడ్ సరిపోయింది. అరవింద్ సర్వర్‌లో గేట్ల అకౌంట్ తెరిచాడు. రెండు సెట్టింగులకు టిక్కులున్నాయి. ఇకపై మొదట లాగిన్ అయ్యేవాడు పాస్‌వర్డ్ మార్చి తీరాలని ఒకటి. యూజర్ పాస్‌వర్డ్ మార్చనే కూడదని ఇంకొకటి. ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని కూర్చున్నాయి.

“మొదటిది పొద్దున నేనే పెట్టిన, సేఫ్టీకి,” అంది మాలతి. “రెండోది తీసే అధికారం నాకు లేదు. మీకుంది. జల్ది తీయండి.”

షిఫ్ట్ ఎక్కబోతున్న ఆపరేటర్ గోవిందు తల గోక్కున్నాడు. “అది నేనే పెట్టించిన సార్. మా ఆఫీసుల అందరికీ ఒక్కటే పాస్‌వర్డ్. నిరుడు ఒకాయన దాన్ని మార్చి పెండ్లికి పోయిండు. మిగిలినోళ్ళం పరేషాన్. గందుకే ఎవ్వరు మార్చకుండ టిక్కు వెట్టించిన.”

“గోవిందూ, జర చాయ్ తీస్కరాపో. సార్ టిక్కు తీస్తరు,” అంది మాలతి.

గోవిందు వెళ్ళాడు. మౌస్ మీద అరవింద్ వేలు ఆగింది.

“మేడమ్, ముందు లాగిన్ అయినోడిదే కొత్త పాస్‌వర్డ్. షిఫ్ట్ ఎక్కి లాగిన్ కావాల్సిన గోవిందును చాయ్‌కు పంపిన్రు. మరి టిక్కు ఎవరి కోసం తీయమంటున్నరు?”

ఆమె చేయి హ్యాండ్‌బ్యాగ్ కోసం వెతికింది. బ్యాగ్ అరవింద్ కాలి కింద ఉంది.

“విజయ్ గూడ గిట్లనే అడిగిండు,” అంది మెల్లగా.

కోపం రావాలి. రాలేదు. జేబులోంచి బేడీలు తీసి ఆమెను కుర్చీకి తగిలించాడు.

పన్నెండయింది. లైన్ మీదికి ఎవరో వచ్చారు. పాస్‌వర్డ్ మార్చి తీరాలంది కంప్యూటర్. మార్చబోతే అనుమతి లేదంది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే మాట. అరవింద్ టిక్కు ముట్టుకోలేదు. వాళ్ళలా లైన్ వదలకుండా వేలాడటమే అతనికి కావాలి.

“ట్రేస్ చేయండి,” అన్నాడు చేతి గడియారంలోకి.

కాసేపటికి గడియారం పలికింది. “గద్వాల లాడ్జిలో ముఠావాళ్ళు ముగ్గురూ దొరికారు.”

సెల్ మోగింది. జానకమ్మ. “పిండం వెట్టిన బిడ్డా. నీళ్ళు మోకాళ్ళ దాంకనే ఉన్నయి. నువ్వు తిన్నవా?”

“లేదమ్మా,” అన్నాడు. విజయ్ పోయాక మొదటిసారి ఆకలి తెలిసింది.

మూడు చాయ్‌లతో వచ్చిన గోవిందు బేడీలు చూసి నోరెళ్ళబెట్టాడు. అరవింద్ తన అధికారంతో మాలతి పెట్టిన టిక్కు తీసేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, అతని ఒక్కడి చెవిలోనే చెప్పాడు.

“సరే సార్,” అన్నాడు గోవిందు. “మిగిలినోళ్ళకు పొద్దుమీకి నేను చెప్త.”

అరవింద్ చాయ్ తాగాడు. గోవిందు టిక్కు మాత్రం అలాగే ఉంచాడు.